ఒక పాలు యూరియా

“నీ పాలు ఒకటి ఉండాది ఈడ. తీరిక చూసుకోని వచ్చి తీసుకపో మా.”

పోయిన వారం పులివెందుల ఆఫీసులో సంతకాలు పెట్టుకుంటూ కూర్చుంటే ఫోన్లో ఈ మాట వినపడింది. మా డెల్టాలో ఎవరైనా ఇలా అంటే గిన్నె తీసుకుని బయల్దేరతాం. కానీ నేను ఈ జిల్లాలో పశువుల డాక్టరుగా చాలా ఏళ్లుగా ఉన్నాను. పాలంటే గేదె ఇచ్చేవే కాదు, మనిషికి రావలసిన వాటా కూడా అని నాకు ఇక్కడే ఒంటబట్టింది. ఎలా ఒంటబట్టిందో చెప్పాలంటే ఒక పెద్దాయన గురించి చెప్పాలి. ఫోన్ చేసింది ఆయన భార్యే, పెద్దముడియం పక్కనున్న ఒక పల్లె నుంచి.

“పెద్దాయన ఎలా ఉన్నారమ్మా?” అన్నాను.

“పొయి నెలాయ. నీకు అబుడే చెప్పొద్దన్యాడు. డాక్టరమ్మ వస్తే ఏడుస్తాది, ఏడిస్తే దూడలు బెదురుతాయి, నెల దాటినంక చెప్పు అన్యాడు.”

నేను ఏడ్చాను. ఆఫీసులో దూడలు లేవు కాబట్టి ఎవరూ బెదరలేదు, అటెండరు తప్ప.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కాగితం మీద పడిందంటే అది ఎవరి చేతిలో తేలుతుందో తెలియదని ఆయన భయం. ఆసుపత్రి రిజిస్టరులో కూడా నాతో ‘దున్నదూడలాయన’ అనే రాయించాడు. దాన్ని తనిఖీ చేసిన అధికారి ఇదేం ఇంటిపేరమ్మా అని నన్ను అడిగాడు. ఈ వైపు ఇలాంటివి ఉంటాయండీ అని చెప్పి తప్పించుకున్నాను.

మొదటిసారి ఆయన్ను చూసింది ప్రొద్దుటూరులో. జమ్మలమడుగు దగ్గర నాకు తొలి పోస్టింగు, చేరి పది రోజులు కూడా కాలేదు. గానుగ చెక్క, తవుడు అమ్మే పశువుల దాణా అంగట్లో నిలబడి ఏవేవి దొరుకుతాయో రాసుకుంటున్నాను. భుజాన ఖాళీ గోతం వేసుకుని ఒకాయన వచ్చాడు. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. పత్తి చెక్క మూటలో చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. అంగడాయన బేరం మానేసి ఆయన మొహం వైపే చూస్తున్నాడు. చాలాసేపు నమిలి, అరచేతిలోకి ఉమ్మి, దాన్ని వేలితో కెలికి చూశాడు.

“పోయినేటిది. పైన కొత్తది చల్లినావు.”

“ఏదో ఒక్క మూటలో కలిసింటాది మామా.”

“ఆ ఒక్క మూట ప్రతిసారీ నాకే ఏంటికి వస్తాదప్పా?”

నేను ఊరుకోలేకపోయాను. చదువు కొత్త, నోరు పాతదే. “నోట్లో వేసుకుంటే జబ్బులొస్తాయండీ. ల్యాబుకు పంపిస్తే మాంసకృత్తులు ఎంతో, ఇసక ఎంతో అన్నీ చెప్తారు” అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. “నువ్వు యాడ నుంచి వచ్చినావు మా?”

నాకు ఒళ్లు మండింది. చదువుకున్న మనిషిని, ఉద్యోగస్తురాలిని, ముక్కూ మొహం తెలియని వాడు నువ్వంటాడా అని. తర్వాత తెలిసింది, ఆయన అందర్నీ నువ్వనే అంటాడు. పాస్టరునైనా, ఎస్సైనైనా. మనసు విరిగితేనే ‘మీరు’ అంటాడు. ఆయన నోట మీరు అనిపించుకున్న వాళ్లు ఆ ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్లు ఆ వీధిలోకి రావడమే మానేశారు.

“దూడ నోరు తెరిచి చెప్పలేదు గదా. దాని బదులు నేను తిని చెప్తాండా. నీ ల్యాబు చెప్పేలోపల మూట అయిపోతాది” అన్నాడు. అప్పటికి ఆయనకు పళ్లు చాలా వరకు ఊడిపోయాయి. కుడివైపు రెండు దవడ పళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. వాటిని ఆయన చెక్క పళ్లు అనేవాడు. సంగటి తినేటప్పుడు కూడా వాటిని వాడేవాడు కాదట, అరిగిపోతాయని.

ఆయన పని ఏమిటంటే, ఎవరికీ అక్కరలేని దున్నదూడల్ని మేపడం. గేదెకు ఆడదూడ పుడితే ఆ ఇంట్లో దానికి తువ్వాలుతో ఒళ్లు తుడుస్తారు. మగదూడ పుడితే తల్లి పాలన్నీ పిండుకుని దాన్ని గుంజకు కట్టేస్తారు, అది రోజురోజుకూ ఎండిపోతుంది. అలాంటి వాటిని ఆయన అడిగి తెచ్చుకుని, రెండేళ్లు మేపి, ఎదిగిన దున్నలుగా మాంసానికి అమ్మేవాడు. ఈ సంగతి దాచేవాడు కాదు, నీళ్లు నమిలేవాడూ కాదు. “సచ్చే దాన్ని తెచ్చి రెండేండ్లు కడుపు నిండా పెడ్తాండా. పొయ్యేది ఎట్లా పోతాది. నా కొట్టంలో మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పోల్యా” అనేవాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త పెంచేవాడు. ఆయన గర్వమంతా అక్కడే ఉండేది.

దూడలకు పేర్లు పెట్టేవాడు, అన్నీ హోదాలే. అప్పట్లో కొట్టంలో ఆరు ఉండేవి. ఎస్సై, పోస్టుమాస్టరు, హెడ్మాస్టరు, వీఆర్వో, ఎమ్మార్వో, జేడీ. పొద్దున పోయేసరికి “ఎస్సైకి పేడ పల్చగా పడ్తాండాది”, “హెడ్మాస్టరు తాడు తెంపుకోని పొయినాడు” అని ఒకటే వార్తలు. నేను చేరిన నెలకు ఒక బక్క దూడ వచ్చింది. దానికి డాక్టరమ్మ అని పెట్టాడు.

“మగదూడకు నా పేరేమిటండీ?”

“అదీ నీ మాదిరే. ఏం పెట్టినా వొద్దంటాది.”

అది నిజమే. వాళ్లింట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేసేదాన్ని. వాళ్లు క్రైస్తవులు, దొరల కాలంలో ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడట. వాళ్లింటి కుండలో ఏం ఉడుకుతుందో అని నా జంకు. ఆ జంకు ఆయనకు మొదటి రోజే తెలిసిపోయింది. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ భార్యను పిలిచి, “మే, డాక్టరమ్మకు జొన్నరొట్టె, ఊరిబిండి తీసుకరా. రొట్టె జొన్నదే అని ప్రమాణం చేసి ఇయ్యి” అనేవాడు. మూడోసారికి సిగ్గేసి తిన్నాను. ఊరిబిండి అంటే వేరుశనగపప్పు పచ్చడి. నాలుగోసారి నేనే అడిగాను.

ఊరు పారేసేదంతా ఆయనకు మేతే. ప్రొద్దుటూరు పప్పు మిల్లుల్లో కింద చిమ్మేసిన శనగపొట్టు, బేకరీల్లో మిగిలిపోయిన బన్నులు, ఎండాకాలం జ్యూసు బండ్ల దగ్గర పిండేసిన చీనీ, అంటే బత్తాయి, తొక్కలు. మైదుకూరు సంతలో టమోటాలు ఎవరూ అడక్కపోతే ఆటో మాట్లాడుకుని వెళ్లేవాడు. పులివెందుల అరటి తోటల్లో గెలలు కోశాక మిగిలిన బోదెల కోసం బస్సెక్కి వచ్చి, తోట యజమానికి శుభ్రం చేసిపెడతానని చెప్పి, లారీ మీద వేసుకుపోయేవాడు. ఒకసారి పెళ్లిలో వధూవరుల్ని దీవించి నేరుగా వంటల వెనక్కు వెళ్లి, గంజి ఎక్కడ పారబోస్తున్నారో అడిగాడు. పెళ్లికూతురి తండ్రికి కోపం వచ్చింది కానీ గంజి ఇచ్చాడు.

నేను ఊరుకుంటానా, ఆయనకు శాస్త్రం చెప్పాను. దూడ కడుపులో కంటికి కనపడని జీవులుంటాయి, మేత మొదట తినేది అవే, అవి బాగుంటేనే దూడ బాగుంటుంది, ఎదిగే వయసులో మాంసకృత్తులు ఎక్కువ కావాలి, అమ్మే ముందు నాలుగు నెలలు బలమిచ్చే గింజ ఎక్కువ కావాలి అని బొమ్మ గీసి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. వారం తర్వాత వెళితే కొట్టం ముందు నలుగురు రైతుల్ని కూర్చోబెట్టుకుని చెబుతున్నాడు. “దూడ కడుపులో కాపురాలుండాయప్పా. మనం బువ్వ పెట్టేది దూడకు కాదు, ఆ కాపురాలకు. వాళ్లకు ఒక రోజు ఒకటి, ఇంకో రోజు ఒకటి పెడితే అలిగి పండుకుంటారు. ముందు ఎముక పెరగనీ, కండ తర్వాత చూసుకుందాం. ఇది మా జేజినాయన చెప్పిన మాట.” నా శాస్త్రాన్ని వాళ్ల తాత ఖాతాలో వేసి, నన్ను చూసి కూడా ఏమాత్రం తడుముకోలేదు. “కావాలంటే డాక్టరమ్మనడుగు, ఆయమ్మ కూడా ఇట్లే చదువుకునింది” అన్నాడు.

ఇంకో పని కూడా ఆయనదే. క్రిస్మస్ ముందు రోజు పొద్దున ఆ వీధి వాళ్లంతా కలిసి మాంసం తెచ్చుకుని పంచుకుంటారు. అలా పంచడాన్ని పాళ్లేయడం అంటారు. ఈత చాపల మీద అరిటాకులు పరిచి, ఇంటికొక కుప్ప పెడతారు. ఒక్కో కుప్పా ఒక పాలు. ఎముక ఇంత, కండ ఇంత, కాలేయం ఇంత అని చేత్తోనే వేస్తాడు. తక్కెడ ఉండదు. తక్కెడ అడగడమంటే పాళ్లేసేవాణ్ని నమ్మకపోవడమే. ముప్పై ఏళ్లుగా ఆయనే వేస్తున్నాడట, ఒక్కరూ ఒక్క కుప్పనూ వేలెత్తి చూపించలేదట. నేనూ ఒక క్రిస్మస్‌కు నిలబడి చూశాను. చివర్లో ఒక కుప్ప మిగిలితే ఇది ఎవరిదని అడిగాను.

“నీదే. నువ్వు తినవు గదా, ఆ కొసాన ముసలామెకు పంపిస్తాండా. నీ పేరు చెప్పి తింటాది.”

ఇక ఆ సంవత్సరం సంగతి. వానలు సరిగా పడలేదు. జొన్న సొప్ప గిడసబారింది, చెక్క అందకుండా పోయింది. తక్కువ ఖర్చుతో దూడల్ని మేపడం ఎలాగో రైతులకు చూపించమని మా శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. నేనింకా ప్రొబేషన్లో ఉన్నాను. చూపించడానికి ఆయన కొట్టం కంటే మంచి చోటు లేదు. నెల తర్వాత మా శాఖ జిల్లా అధికారి జేడీగారే, అంటే మనిషి జేడీ, స్వయంగా వచ్చి చూస్తారన్నారు.

రెండు రోజులు పుస్తకాలు ముందేసుకుని లెక్క కట్టాను. ఖరీదైన చెక్క కొంత తగ్గించి, ఆ లోటును ఒక్క పిసరు యూరియాతో పూడ్చవచ్చు. కడుపులోని ఆ జీవులు యూరియాను కూడా మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. మోతాదు మించితే మాత్రం అదే విషం. ఆయన చదివింది సండే స్కూల్లో, బైబిలు అచ్చు తప్ప చేతిరాత చదవలేడు. అందుకని ఒక్కో అక్షరం అచ్చులా దిద్ది రాశాను. శనగపొట్టు యాభై పాళ్లు, తవుడు ఇరవై పాళ్లు, పత్తి చెక్క పదిహేను పాళ్లు, బెల్లం మడ్డి పది పాళ్లు, ఖనిజ లవణాలు మూడు పాళ్లు, ఉప్పు ఒక పాలు, యూరియా ఒక పాలు. మొత్తం నూరు. రాసి చూసుకుని మురిసిపోయాను.

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని వేలు పెట్టి చదివాడు. మొహం చిట్లించాడు.

“దూడకు యాభై పాలు పొయ్యమంటాండావే మా. దాని తల్లి పాలు మనం పిండుకొని అమ్ముకుంటాంటిమి, ఇబుడు అంగట్లో కొనుక్కొచ్చి దీనికి పొయ్యాల్నా? ఇదేనా తక్కువ ఖర్చు?”

నేను పగలబడి నవ్వాను. “ఆ పాలు కాదండీ. పాలంటే భాగం, వాటా.”

“ఓ, ఆ పాలా. అట్ల చెప్పు. అది నాకు నువ్వు చెప్పేదేంది.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన భార్య రొట్టె తెచ్చింది. తర్వాత తెలిసింది, చేతిరాతైనా ఆయనకు మొదటి చూపులోనే అర్థమైందట, నన్ను ఆటపట్టించడానికే తెలియనట్టు నటించాడట. ఆ నవ్వులో పడి అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. ఏ పాలండీ, ఎలా వేస్తారు, అని. నాకు పాలంటే తూకంలో నూటికో వంతు. ఆయనకు పాలంటే అరిటాకు మీద కుప్ప. ముప్పై ఏళ్లు ఆ చేత్తో తూకం లేకుండా వేసినవాడు, తూకం వేయమని నేను చెప్పకపోతే ఎందుకు వేస్తాడు?

రెండు రోజుల తర్వాత పక్క ఊళ్లో గొర్రెలకు మందు తాపుతుంటే ఫోన్ వచ్చింది. ఆయన ఫోన్లో గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. “రా మా. దూడలు వణుకుతాండాయి.” స్కూటరు ఎలా తోలానో నాకు గుర్తులేదు.

కొట్టంలో నేల మీద చాప, దాని మీద కుప్పలు వేసిన గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒక మూల మిగిలిన దాణా ఉంది. చేత్తో తీసి చూడగానే సంగతి తెలిసిపోయింది. గాలికి ఎగిరిపోయే పొట్టు ఒక్కో కుప్ప ఎంత ఉందో, ఇనుములాంటి యూరియా ఒక్క కుప్పా కంటికి అంతే ఉండేలా వేశాడు. కంటికి సమానమే. తూకంలో నేను రాసినదానికి నాలుగైదు రెట్లు. దూడల పొట్టలు ఉబ్బిపోయాయి, నోటి వెంట నురగ, కాళ్లు నిలవడం లేదు.

దానికి విరుగుడు పుల్లటిది తాపడం. వెనిగర్ కావాలి. ఆ పల్లెలో వెనిగర్ ఎక్కడిది? “చింతపండు, పుల్ల మజ్జిగ, ఎంతుంటే అంత” అని అరిచాను. ఆయన భార్య వీధిలోకి పరుగెత్తింది. రెండు నిమిషాల్లో ఇంటింటి నుంచీ చెంబులు, దుత్తలు, పిసికిన చింతపులుసు గిన్నెలు వచ్చాయి. పాస్టరుగారి భార్య పొయ్యి మీది చారునే దించి తెచ్చేసింది, తాలింపుతో సహా. “కరేపాకు తియ్యండమ్మా, గొంతులో అడ్డం పడుతుంది” అని నేను, చల్లనీళ్లు కలుపుతూ వాళ్లు. వెదురు గొట్టంతో ఒక్కోదాని నోట్లో పోశాం. ఆ పూట ఆ వీధిలో ఎవరింట్లోనూ చారు లేదు.

ఆరు బతికాయి. బక్క దూడ డాక్టరమ్మ అందరికంటే ముందు లేచి, నా చున్నీ నమిలింది. ఎమ్మార్వో లేవలేదు.

ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని చెవి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. “మీరు రాసిచ్చినట్లే వేసినాను మేడమ్.”

మీరు అన్నాడు. మేడమ్ అన్నాడు. నాకు ఉద్యోగం గుర్తు రాలేదు ఆ క్షణాన, ఆ మీరు ఒక్కటే చెవిలో పడింది.

నెల ఆగకుండా మూడో రోజే జేడీగారు వచ్చారు. అప్పటికే ఏదో వినికిడి పోయింది, డాక్టరు రాసిన దాణా తిని దూడ చచ్చిందని. అదే తేలితే నా ఉద్యోగం అక్కడితో సరి. ఆయనకు మాత్రం మా శాఖ నుంచి దూడకు బదులు దూడ వచ్చి ఉండేది. జీపు దిగుతూనే జేడీగారు గట్టిగా అడిగారు. “ఎలా చచ్చింది?”

“నాము మేసి పొయినాడు సార్, ఎమ్మార్వో.”

“ఎమ్మార్వోనా?”

డ్రైవరు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. నాము అంటే ఎండకు వాడిపోయిన లేత జొన్నలో పుట్టే విషం. కరువులో అది మామూలే, పక్క చేలో కోసిన జొన్న మళ్లీ పిలకలేసి వాడిపోయి కంటి ముందే ఉంది. ఆయన ఆ చేను వైపు చెయ్యి చూపించి, దూడ తాడు తెంపుకుని ఎలా పోయిందో, తాను ఎలా వెంటపడ్డాడో, కాలు ఎక్కడ జారిందో అన్నీ చెప్పాడు. వింటుంటే నాకే నిజమేమో అనిపించింది.

“డాక్టరమ్మ మీకు కాగితం రాసిచ్చిందటగా. ఏదీ?”

“దూడ తినింది సార్.”

“చచ్చిన దూడా?”

“కాదు సార్. జేడీ తిన్యాడు.”

నేను కళ్లు మూసుకున్నాను. వెనక నుంచి ఆయన భార్య మర్యాదగా సర్దిచెప్పింది. “జేడీకి కాగితాలంటే శానా ఇష్టం సార్. యాడ కనపడినా వదలడు.”

జేడీగారు ఇంకేమీ అడగలేదు. నన్నూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజం ఏమిటంటే, అడగనందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. జీపు మలుపు తిరిగాక కొట్టం వెనక్కు పోయి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఏంటికి ఏడుస్తావు? పొయింది ఎమ్మార్వో గదా. ఇంకొకాయన వస్తాడు. ఆ పోస్టు ఖాళీగా ఉండదు.”

ఏడుస్తావు అన్నాడు. మళ్లీ నువ్వులోకి వచ్చాడు. నాకు ఇంకా ఏడుపొచ్చింది.

“తప్పు నాది. ఆఫీసుకు పోయి చెప్పేస్తాను” అన్నాను.

“తప్పు రెండు పాళ్లు మా. రాసింది నీది, కుప్పేసింది నాది. ఏ కుప్ప పెద్దదో నా కంటికీ తెలీడం ల్యా.”

“అయితే నా పాలు నాకిచ్చేయండి.”

“ఇస్తాలే. నా దెగ్గరే ఉంటాది, యాడికీ పోదు.”

ఆ మాట మా ఇద్దరికీ ఆట అయిపోయింది. బదిలీ అయి ప్రొద్దుటూరుకు, అక్కడి నుంచి పులివెందులకు వచ్చినా, దారిలో ఎప్పుడు ఆగినా “నా పాలు ఏదండీ?” అనేదాన్ని. “ఇంకా మాగల్యా” అనేవాడు. ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. లోపల మాత్రం ఎప్పటికైనా అది నేను మోయవలసిందే అని ఉండేది. ఆయన కొట్టంలో ఒక్కటీ పోలేదన్న మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. దూలానికి కొత్తగా ఒక స్ప్రింగు తక్కెడ వేలాడేది. క్రిస్మస్ పాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా చేత్తోనే వేశాడు. కానీ కుప్ప వేశాక చెయ్యి ఒక్క క్షణం ఆగేది. అది అంతకు ముందు లేదు.

ఆదివారం వెళ్లాను. సమాధుల తోటలో మట్టి ఇంకా కొత్తగా ఉంది. ఇంటికొచ్చాక ఆమె రొట్టె, ఊరిబిండి పెట్టి, బైబిలు తీసి, మధ్యలోంచి ఒక కాగితం మడత నా చేతిలో పెట్టింది. విప్పాను. నా అక్షరాలే, అచ్చులా దిద్దినవి. బెల్లం మడ్డి అంటిన వేలిముద్రలు నిండా ఉన్నాయి. ప్రతి వరుస పక్కనా పెన్సిలుతో వంకర టింకరగా ‘తూకం’, ‘తూకం’ అని రాసి ఉంది.

“జేడీ తిన్నాడన్నారు కదమ్మా” అన్నాను.

“యాడ తినింది. దినామూ దీన్ని చూసే కలుపుతాండె. ఎవురన్నా అడిగితే జేజినాయన చెప్పింది అంటాండె.”

శనగపొట్టు, తవుడు, చెక్క, మడ్డి, లవణాలు, ఉప్పు. అక్కడితో కాగితం అయిపోయింది. కింది వరుస లేదు. మడత పెట్టి, జాగ్రత్తగా చించినట్టు అంచు తిన్నగా ఉంది.

“యూరియా రాసింది ఏదమ్మా?”

“అది ఆయప్ప పాలంట. పైన ఉండేదంతా డాక్టరమ్మ పాలు, ఆయమ్మకు ఇయ్యి, ఈ ముక్క నా జేబులో పెట్టి పంపియ్యి అన్యాడు. పెట్టినా. తెల్లచొక్కా జేబులో.”

ఇన్నేళ్లు పాళ్లేసిన మనిషి ఒక్కసారి, తెలిసి తెలిసి, సమానంగా వేయలేదు. బరువైనదంతా తన వైపు లాక్కుని పోయాడు.

ఆమె నా చేతిలో కాగితాన్ని మళ్లీ మడిచి, నా సంచిలో తనే పెట్టింది.

“నేనూ అడిగినా మా. పైన ప్రభువు ఆ కాగితం ఏదిరా అని అడిగితే ఏం చెప్తావు అని. దూడ తినిందని చెప్తా అన్యాడు.”